కొంగ ఆలస్యంగా వాలుతోంది

1వ రోజు, సోమవారం

పెట్టె పోయింది. మామూలుగా పోలేదు, పొగ వచ్చి మరీ పోయింది.

పొద్దున్న పోటు ఎక్కే గంట. బొత్తాం దగ్గర నూకరత్నం పిన్ని కూర్చుంది. నేను పక్క గదిలో ఎవరిదో టార్చిలైటు విప్పుకుని తుప్పు గీకుతున్నాను. "ఒసే హైమా, బొమ్మ పోయిందే!" అని కేకేసింది. వెళ్ళి చూస్తే లావుపాటి టీవీ నల్లగా ఉంది, పెట్టె మాత్రం ఇంకా గుయ్యిమంటోంది. నేను వైర్లు కదుపుతూ, దాన్ని పుట్టించినవాణ్ణి తిట్టుకుంటూ ఉంటే, పిన్ని ఆ నల్లటి తెర ముందు కూర్చుని బొత్తాం నొక్కుతూనే ఉంది. ఇరవై నిమిషాలు అలాగే నొక్కింది. గంట పూర్తయ్యి ఆవిడ చెయ్యి తీశాక అప్పుడొచ్చింది పొగ.

"దానికీ డ్యూటీ టైము తెలుసే" అంది, చెంగుతో పొగ విసురుకుంటూ.

ఈ నోటు పుస్తకం నా సొంతం. ఊరి పెద్ద పుస్తకంలో నేను రాసేది నాలుగు గడులే: తేదీ, మార్కులు, ఉప్పు, కారణం. దాన్ని ప్రతి ఆదివారం చేపల షెడ్డులో అందరి ముందూ చదువుతారు కాబట్టి అక్కడ తిట్లు రాయకూడదు. ఇక్కడ రాసుకోవచ్చు.

బయటివాళ్ళు ఎవరైనా దీన్ని చదివితే మాకు పిచ్చి అనుకుంటారు. గవ్వలదిబ్బలో నూట నలభై గడపలు. చుట్టూ సముద్రం. తాగేదీ ఆ నీళ్ళే, పొరల గొట్టంలోంచి తోసి ఉప్పు తీసేసి తాగుతాం. పంపు తోసిన ప్రతిసారీ నీళ్ళు గొట్టం చివరిదాకా పోయి దెబ్బలా వెనక్కి వస్తాయి. ఆ దెబ్బ వచ్చే క్షణానికి వాల్వు తెరవాలి, లేకపోతే దెబ్బ పొరకి తగిలి ఉప్పు దాటొచ్చేస్తుంది. ఈ పని కోసమే పుట్టిన కంప్యూటర్లు ఉండేవి. పైవల, అదే లోకంలోని కంప్యూటర్లన్నిటినీ కలిపే వల, చచ్చిపోయిన నాడు అవన్నీ అనుమతి కావాలి, అనుమతి కావాలి అంటూ ఆగిపోయాయి. అనుమతి ఇచ్చేవాళ్ళు లోకంలో ఎక్కడా లేరు. ఎవర్నీ ఏమీ అడక్కుండా పనిచేసేది ఊళ్ళో ఒకటే మిగిలింది: ఎప్పటివాళ్ళో టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్ పెట్టె. అప్పటి మేస్త్రి యేసుదాసు గారు దానికో క్యాసెట్ తయారుచేసి గొట్టానికి కలిపారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది, ఆ పని ఇప్పుడు నాది.

ఆట చాలా తేలిక. తెర మీద ఒక కొంగ. పంపు తోయగానే లేస్తుంది, దెబ్బ తిరిగొచ్చే క్షణానికి కర్ర మీద వాలుతుంది. వాలగానే బొత్తాం నొక్కితే వాల్వు తెరుచుకుంటుంది. పొద్దున్న పోటులో గంట, సాయంత్రం పోటులో గంట ఆడితే, ఆ చేతి లయ పట్టుకుని మిగతా గంటలు పెట్టె తనే నడిపేస్తుంది. చివర్లో వందకి మార్కులు వేస్తుంది.

ఇవాళ నీళ్ళలో ఉప్పు మీటరు మీద 381, ఎప్పుడూ ఉండేదే. ట్యాంకులో రెండు రోజుల నీళ్ళున్నాయి.

2వ రోజు

క్యాసెట్‌లోకి నోటితో ఊదకూడదని నేను అందరికీ చెప్తుంటాను. ఇవాళ నేనే ఊదాను. అలవాటు.

పెట్టె లోపల చూస్తే కెపాసిటర్లు ఉబ్బి, కారి, బోర్డంతా జిగురు. దాన్ని గోతంలో చుట్టి అటక మీద పెట్టేశాను. ఖాళీ ఉన్నప్పుడు నేను ఆడుకునే చేతిపెట్టె ఉంది కదా, అరచేతిలో పట్టేది, అదే ఇప్పుడు దిక్కు. అందులో ఎమ్యులేటర్ ఉంది. అంటే ఈ చిన్న యంత్రాన్ని పట్టుకుని, నువ్వు ఇది కాదు, ఆ పాత పెట్టెవి అని నమ్మించే ప్రోగ్రాం. క్యాసెట్‌లో ఉన్నదంతా అక్షరం పోకుండా దింపి దానికి ఇచ్చాను. మధ్యాహ్నం రెండింటికి కొంగ లేచింది. నేను ఒక్కదాన్నే ఉన్నా చప్పట్లు కొట్టాను.

సాయంత్రానికి వైర్లు రెండూ కలిపాను. ఒకటి గొట్టం సంగతి పెట్టెకి చెప్తుంది, ఇంకోటి బొత్తాం సంగతి వాల్వుకి చెప్తుంది. చూడ్డానికి ఊరంతా వచ్చింది. నీటి పెద్ద భూషణం గారు కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, "అమ్మా హైమా, కొంగ గళ్ళుగళ్ళుగా ఉందేంటమ్మా, చింకి చాపలాగ?" అన్నారు. నాకు చురుక్కుమంది. పాత టీవీలో మసగ్గా ఉండేది కాబట్టి తెలిసేది కాదు, కొత్త తెర మీద ప్రతి గడీ కనిపిస్తోంది, పైగా బొమ్మ వణుకుతోంది.

సెట్టింగుల్లోకి వెళ్ళి నునుపు పెట్టాను. వణుకు పోవడానికి ఇంకోటి ఉంటే అదీ పెట్టాను. అబ్బ, ఏమొచ్చిందో బొమ్మ! ఈకలు మెరుస్తున్నాయి, నీళ్ళలో నీడ కూడా కనిపిస్తోంది. "ఆయ్, ఇదండీ కొంగంటే!" అన్నాడు వీరబాబు. పిన్నితో రోజు మార్చి రోజు డ్యూటీ చేసేది ఇతనే. మెప్పు అంటే నాకు ఇష్టమే, కాదనను.

3వ రోజు

వీరబాబు డ్యూటీ. పొద్దున్న 64. అతనికి ఎనభై ఐదు కంటే తక్కువ ఎప్పుడూ రాలేదు. సాయంత్రం నేనే కూర్చుని చూశాను, 62. కొంగ వాలిన క్షణానికే నొక్కుతున్నాను, అయినా పెట్టె మాత్రం "ఆలస్యం" అంటోంది. ఉప్పు 430. పెద్ద పుస్తకంలో కారణం: కొత్త పెట్టె, ఇంకా అలవాటు కాలేదు.

4వ రోజు

పిన్నికి 93. ఉప్పు 386.

"నీకెలా వచ్చిందే పిన్నీ?" అన్నాను.

"ఎలా రావడమేంటే, రోజూ వచ్చినట్టే వచ్చింది. బొమ్మ బాగుంది గానీ నేను దాన్నంత చూళ్ళేదు" అంది, చుట్ట వెలిగించుకుంటూ.

ముప్పై ఏళ్ళ చెయ్యి, ఎలా పెట్టినా ఆడేస్తుందిలే అనుకున్నాను. మిగతా ఇద్దరికీ తక్కువ వస్తోంది కాబట్టి ఏది సరైన క్షణమో చూసి మార్కులు వేసే గీతలో తేడా ఉందని తేల్చుకున్నాను. పాత పెట్టెకీ దీనికీ ఆ మాత్రం తేడా ఉంటుంది కదా. రాత్రి భోజనానికి ముందు గీతని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ, వీరబాబు చేత ఆడిస్తూ, అతనికి 95 వచ్చేదాకా జరిపాను. "ఇప్పుడు సరిపోయిందక్కా" అన్నాడు.

6వ రోజు

నిన్న వీరబాబుకి 96, ఉప్పు 428. ఇవాళ పిన్నికి 66, ఉప్పు 390.

అరవై ఆరు! ఆవిడ తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూసింది. "కొంగ ఆలస్యంగా వాలుతోందే" అంది.

"కొంగ బాగానే వాలుతోంది పిన్నీ, నువ్వే ముందు నొక్కుతున్నావు. చూడు, అన్నీ తొందర, తొందర అని పడ్డాయి."

"నేను ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి నొక్కుతున్నానే."

"అందుకే కళ్ళద్దాలు మార్చుకోమంటున్నాను."

నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. డెబ్భైకి తగ్గితే పెద్ద పుస్తకంలో కారణం రాయాలి. రాశాను: ఆపరేటర్ చేతి కంగారు. మూడుసార్లు డెబ్భైకి తగ్గితే బొత్తాం వేరేవాళ్ళకి అప్పగించాలని ఊరి కట్టుబాటు. ఇది ఒకటి.

7వ రోజు, ఆదివారం

షెడ్డులో పుస్తకం చదివారు. "ఆపరేటర్ చేతి కంగారు" అని భూషణం గారు చదవగానే వెనకనుంచి ఎవరో, "రత్నమ్మగారికి కంగారేంటండీ, పెళ్ళి కుదిరిందా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వినట్టే కూర్చుంది. వెళ్ళేటప్పుడు మాత్రం నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఈ కట్టుబాటు యేసుదాసు గారు పెట్టిందే. తప్పు ఎవరిదైనా ఊరందరికీ తెలిసేలా చదవాలి, రాసింది కొట్టెయ్యకూడదు, సరిదిద్దాలంటే కింద ఇంకో వరుస రాయాలి. అందుకే మా నీళ్ళు ఇన్నాళ్ళు నడిచాయని పెద్దవాళ్ళు అంటారు. ఇవాళ ఉప్పు 441.

8వ రోజు

పిన్నికి 61. రెండు.

సాయంత్రం వాళ్ళింటి మీదుగా వెళ్తుంటే టకటకమని చప్పుడు. తొంగిచూస్తే స్టీలు కంచం బోర్లించుకుని వేలితో కొడుతోంది, కళ్ళు మూసుకుని. నన్ను చూసి కంచం తిప్పేసి, అందులో బియ్యం ఏరడానికి కూర్చుంది.

"చెవి ఒకటి చెప్తోందే హైమా, కన్ను ఒకటి చెప్తోంది. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ లేదు" అంది. ఒక రాయి ఏరి పారేసి, "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు చేతులే పోయేయి" అంది.

నేను టీ పెట్టమన్నాను. నిన్న పట్టిన నీళ్ళతో పెట్టిన టీ కొంచెం ఉప్పగా ఉంది. పాలు తేడా అనుకున్నాం. ఉప్పు మాత్రం ఇవాళ 392, ఫరవాలేదు.

10వ రోజు

పిన్ని రెండు చెవుల్లో దూది పెట్టుకుని వచ్చింది. నేను సైగలు చేస్తే, "కన్ను చెప్పినట్టే చేస్తానే ఇవాళ" అని గట్టిగా అరిచింది, తన గొంతు తనకి వినపడక. గంటసేపు ముక్కు తెరకి ఆనించి కూర్చుంది. 74.

నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ దూది తీసి చేతిలో పట్టుకుని, గొట్టం దగ్గరకి వెళ్ళి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. "ఏడుస్తోందే ఇది" అంది. నాకేమీ వినిపించలేదు. ఉప్పు 452, నిన్న 449. పోటు పెద్దదని రాసుకున్నాను.

12వ రోజు

దూది లేకుండా వచ్చింది. 59. ఉప్పు 401.

గంట పూర్తయ్యాక బొత్తాం వైరు తానే ఊడదీసి, చుట్టలా చుట్టి నా చేతిలో పెట్టింది. "గొట్టం వినకుండా నేను చెయ్యలేనమ్మా. వింటే మీ పెట్టెకి నచ్చదు. వీరబాబుకి ఇచ్చేయ్" అంది. "మీ పెట్టె" అనడం అదే మొదటిసారి.

"ఇంకో నాలుగు రోజులు చూద్దాం పిన్నీ."

"చూసి? నా చేతులు నాకు తెలీవనుకున్నావా? ఎవరికైనా ఒక రోజు వస్తుంది. నాకు వచ్చింది, అంతే" అంది. గొంతు మామూలుగానే ఉంది. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి వెళ్ళింది. వెనకాల తీసుకెళ్ళి ఇచ్చాను.

పెద్ద పుస్తకంలో మూడోసారి అదే కారణం రాశాను.

14వ రోజు, ఆదివారం

అప్పగింత చదివారు. ఎవరూ నవ్వలేదు. పిన్ని రాలేదు. భూషణం గారు ఆవిడ సేవ గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. మనిషి లేకుండా చప్పట్లేమిటో.

వీరబాబుకి నిన్న 97, ఇవాళ 98. ఉప్పు నిన్న 470, ఇవాళ 478. అయిదొందలు దాటితే పసిపిల్లలకి ఆ నీళ్ళు పట్టకూడదు. కొత్త పొరలు తెచ్చే పడవ ఇంకో రెండు నెలలకి గానీ రాదు. పొర పాతదైపోతోందని భూషణం గారికి చెప్పాను.

16వ రోజు

ఇవాళ 497.

వీరబాబు మీద నాకు మనసులో చిరాగ్గా ఉంది, అతని తప్పేమీ లేకపోయినా. ఊళ్ళో ఎవరూ ఇంత బాగా ఆడలేదు, నీళ్ళు మాత్రం రోజురోజుకీ చెడిపోతున్నాయి. పొర ఎంత పాతదైందో లెక్క తేల్చడానికి మధ్యాహ్నం భోజనం మానేసి అంకెలన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించాను. ఒక పక్క మార్కులు, ఒక పక్క ఉప్పు, ముందు డ్యూటీ ఎవరిదో పేరు.

రాస్తూ రాస్తూ ఉండగా చెయ్యి ఆగిపోయింది.

వీరబాబు, 430. పిన్ని, 386. వీరబాబు, 428. పిన్ని, 390. వీరబాబు, 441. పిన్ని, 392. గీత జరిపిన దగ్గర్నుంచి మార్కులు ఎక్కువ వచ్చిన రోజే ఉప్పు ఎక్కువ. పిన్నికి మార్కులు రాని రోజు నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఆవిడ డ్యూటీలో ఉప్పు పెరిగింది ఒక్కటే రోజు: చెవుల్లో దూది పెట్టుకున్న రోజు. ఆ రోజే నేను చప్పట్లు కొట్టాను.

అటక మీంచి పాత పెట్టె దించాను. ఎందుకూ పనికిరాని రెండు రేడియోలు విప్పి కెపాసిటర్లు పీకి దీనికి అతికించాను. ఎంతసేపు నిలబడుతుందో తెలియదు. క్యాసెట్ పెట్టాను, ఊదకుండా. లావుపాటి టీవీ ఒక పక్క, చేతిపెట్టె ఒక పక్క, మధ్యలో ఒకటే బొత్తాం, దాని వైరు చీల్చి రెండింటికీ కలిపాను. బొత్తాం నొక్కితే కొంగ రెక్క విదిలిస్తుంది కదా, అది చూద్దామని.

నొక్కాను. టీవీలో కొంగ విదిలించింది. తరవాత చేతిపెట్టెలో కొంగ విదిలించింది.

"తరవాత" అని రాశాను, కానీ ఆ ఎడం కనురెప్ప వేసేంత కూడా లేదు. ఒక్కటే చూస్తే ఎవరికీ తెలియదు. పక్కపక్కన పెడితే దాచడానికి లేదు. మళ్ళీ నొక్కాను. ముందు మసక కొంగ, వెనక నా నునుపు కొంగ. తొమ్మిది నిమిషాలు నొక్కుతూ కూర్చున్నాను, పాత పెట్టె మళ్ళీ పొగ వదిలేదాకా.

సంగతి ఇది. వణుకు లేకుండా ఉండాలని నేను పెట్టిన సెట్టింగు, ఆరు బొమ్మలు చేతిలో దాచుకుని, సర్దుకుని, అప్పుడు చూపిస్తోంది. సెకనుకి యాభై బొమ్మలు. ఆరు బొమ్మలంటే సెకనులో ఎనిమిదో వంతు. దెబ్బ ఆ పాటికే గొట్టంలో తిరిగొచ్చేసి పొరకి తగిలాక కొంగ వాలుతోంది. 3వ రోజున రెండుసార్లూ పెట్టె ఆ నిజమే చెప్పింది, ఆలస్యం అని. నేనేం చేశాను? బస్సు ఆలస్యంగా వస్తోందని గడియారం ముల్లు వెనక్కి తిప్పినట్టు మార్కుల గీతని జరిపాను. అప్పటి నుంచి ఆలస్యంగా నొక్కినవాళ్ళకి 98, సరిగ్గా నొక్కినావిడకి 59.

ఆవిడ బొమ్మ చూసి ఆడలేదు. గొట్టం విని ఆడింది. బొమ్మ పోయిన రోజున నల్లటి తెర ముందు ఇరవై నిమిషాలు నా కళ్ళెదురుగానే ఆడింది, నేను వైర్లు చూస్తున్నాను.

సిగ్గుతో మొహం మండిపోయింది. సాయంత్రం పోటుకి ముందే నునుపూ వణుకు ఆపేదీ రెండూ తీసేశాను, గీతని దాని చోటికి పెట్టేశాను. వీరబాబుకి 81. "బొమ్మ మళ్ళీ గళ్ళు పడిందేంటక్కా?" అన్నాడు. చెప్పాను. "అయితే నాకొచ్చినవన్నీ దొంగ మార్కులేనా?" అన్నాడు.

17వ రోజు

పెద్ద పుస్తకంలో కింద వరుస రాసుకుని, దాన్ని చంకలో పెట్టుకుని పిన్ని ఇంటికి వెళ్ళాను. రొయ్యలు ఎండబెడుతోంది. నేను మొత్తం చెప్పాను. ఆవిడ రొయ్యలు పరుస్తూనే వింది, మధ్యలో ఆపలేదు.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?" అంది చివరికి.

"నీ చెయ్యొక్కటే బాగుంది పిన్నీ. మిగతావన్నీ తప్పు."

చేతులు రెండూ ముందుకి చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వేళ్ళకి రొయ్యల పొట్టు అంటుకుని ఉంది. అలా చూస్తూ చూస్తూ ఏడ్చేసింది. "పది రోజులే! పది రోజులు వీటిని తిట్టుకున్నానే. రాత్రి నిద్రపట్టక అన్నం గిన్నె మీద కొట్టుకున్నాను. మా అమ్మలాగే అయిపోతాననుకుని మా ఆయనకి అన్నీ చెప్పి పెట్టుకున్నానే!"

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. క్షమించు అన్నాను. అననివ్వలేదు, అలాగని సరేలే అని కూడా అనలేదు.

"ఏం రాసేవు?" అంది, పుస్తకం చూపించి.

చదివాను. "6, 8, 12వ రోజుల తక్కువ మార్కులకి సరైన కారణం: యంత్ర లోపం."

"యంత్రం ఏం చేసిందే పాపం? నువ్వు చెప్పినట్టే చేసింది."

ఇటు వచ్చే దారిలో సంగతి చెబితే భూషణం గారు కూడా యంత్రం మీదకే మెత్తగా తోసేశారు: ఊళ్ళో యంత్రాలు చూసేది నువ్వొక్కదానివే కదమ్మా, నీ మీద నమ్మకం పోతే ఎలా, యంత్ర లోపమని రాసేయ్, ఆదివారం దాకా ఎందుకు, రత్నమ్మగారొచ్చి కూర్చుంటే సరిపోతుంది అన్నారు. నాకు ఆ మాట హాయిగానే అనిపించింది. నిజం చెప్పాలంటే ఆయన అనకముందే నేను అలా రాసేసుకున్నాను.

"ఊరందరిలో నవ్వేరు" అంది పిన్ని. "ఊరందరిలో చదవాలి. అప్పుడు వస్తాను. భూషణం గారు చదవకూడదు, నువ్వే చదవాలి."

"నన్ను తీసేస్తే?"

"తీసేస్తే తీసేస్తారు. నన్ను తియ్యలేదా?"

అంది గానీ, నేను లేస్తుంటే రెండు గుప్పెళ్ళ రొయ్యలు కాగితంలో కట్టి ఇచ్చింది. కోపంగానే ఇచ్చింది.

20వ రోజు

ఉప్పు 431. దిగుతోంది. తగిలిన దెబ్బలు తగిలినట్టే ఉంటాయి కాబట్టి 380 మళ్ళీ పడవ వచ్చేదాకా చూడం. రేపు చదవాల్సిన వరుస నాలుగుసార్లు రాసుకున్నాను.

21వ రోజు, ఆదివారం

షెడ్డు నిండిపోయింది. పిన్ని వచ్చి ముందు వరుసలో కూర్చుంది, ఆవిడ పక్కన ఆవిడ భర్త. భూషణం గారు పుస్తకం నాకిచ్చారు. యంత్ర లోపం అన్న వరుస కొట్టెయ్యకూడదు కాబట్టి దాన్ని ముందు చదివాను. దాని కిందది తరవాత చదివాను.

"పై వరుస కూడా తప్పు. సరైన కారణం: హైమవతి. బొమ్మ అందంగా ఉండాలని కొంగని ఆలస్యం చేసింది. పెట్టె ఆలస్యమని చెప్తే వినకుండా గీతని జరిపింది. నూకరత్నం చెప్తే వినకుండా కళ్ళద్దాలు మార్చుకోమంది. నూకరత్నం చేతిలో ఏ రోజూ తేడా లేదు."

పుస్తకంలోకి తల దించుకునే చదివాను. పిన్ని భర్తకి కొంచెం చెవుడు. "ఏంటంట?" అని గట్టిగా అడిగాడు.

పిన్ని నా వైపు తిరిగి, "ఆయనకి వినబళ్ళేదంట. మళ్ళీ చదువు" అంది.

మళ్ళీ చదివాను, గట్టిగా. ఈసారి వెనకవాళ్ళందరికీ వినబడి ఉంటుంది. నన్ను తీసెయ్యాలా అని భూషణం గారు ఊరిని అడిగారు. వీరబాబు లేచి, గొట్టం వినడం నేర్చుకునేదాకా తనకి కూడా బొత్తాం వద్దని, అక్కని తీసేస్తే దాన్ని బాగుచేసేదెవరని అన్నాడు. నన్ను ఉంచారు. ఇక మీదట పెట్టెలో ఏం మార్చినా ముందు పిన్నికి వినిపించాలని కట్టుబాటు రాశారు. చూపించాలని కాదు, వినిపించాలని.

పిన్ని అక్కడి నుంచి తిన్నగా పంపు గదికి వచ్చింది. ఆవిడ కోసం నేను విప్పి ఉంచిన వైరు చుట్ట నా చేతిలోంచి తీసుకుని తానే తగిలించుకుంది. భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పేసింది. వీరబాబుని పక్కన నేల మీద కూర్చోబెట్టి, అతని అరచెయ్యి గొట్టానికి ఆనించింది.

"కొంగ సంగతి మర్చిపోరా. లోపల నీళ్ళు వెనక్కి తిరిగే ముందు చిన్న ఊపిరి తీసుకుంటాయి. వినబడిందా?"

"లేదు పెద్దమ్మా."

"వినబడుతుంది. కూర్చో."

నేనూ రెండో వైపు చెయ్యి ఆనించి కూర్చున్నాను. గంటంతా కూర్చున్నా నాకు వినబడలేదు. ఆవిడ వేలు మాత్రం ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా ఆగలేదు. చివర్లో తువ్వాలు తీస్తే తెర మీద 95 ఉంది. ఆవిడ దాని వైపు చూడకుండానే తువ్వాలు దులుపుకుని భుజం మీద వేసుకుంది.

22వ రోజు

పిన్నికి మళ్ళీ 95. ఉప్పు 404.

పెద్ద పుస్తకంలో కారణం గడి తప్పు జరిగిన రోజునే నింపుతాం, మంచి రోజున ఖాళీగా వదిలేస్తాం. యేసుదాసు గారి కాలం నుంచీ అంతే. ఇవాళ పొద్దున్న నేను ఖాళీగా వదల్లేదు. వచ్చే ఆదివారం భూషణం గారు చదివేటప్పుడు ఎలాగూ అడుగుతారు, అప్పుడు చెప్పుకుంటాను.

తేదీ వేశాను. మార్కులు 95, ఉప్పు 404 వేశాను. కారణం: నూకరత్నం చెయ్యి.